రెండు పుస్తకాలు, అరెకరం

మొన్న సంక్రాంతికి రాజుపాలెం వెళ్తే, రోడ్డు పక్కనున్న అరెకరం అమ్మి అమరావతిలో ప్లాటు కొందామా అని నాన్న అడిగాడు. "పట్టణాల మీద ఏవో పుస్తకాలు చదువుతుంటావుగా, చెప్పు" అన్నాడు. చదివినవి కావు, చదవాలనుకుంటున్నవి అని చెప్పడానికి నోరు రాలేదు.

ఉగాది లోపు తేల్చాలి. అప్పటికి ఒక్క పుస్తకం పూర్తయితే గొప్ప. నా లిస్టులో మిగిలినవి రెండు, రెండూ 1961లో వచ్చినవే: లూయిస్ మమ్‌ఫర్డ్ 'ది సిటీ ఇన్ హిస్టరీ', జేన్ జేకబ్స్ 'ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్'. మమ్‌ఫర్డ్ ఏకంగా ఆదిమానవుల సమాధుల దగ్గర మొదలుపెడతాడు. జేకబ్స్‌కి డిగ్రీ కూడా లేదు; న్యూయార్క్‌లో తానున్న వీధిని చూసి రాసింది. ఆమె పుస్తకాన్ని 1962లో న్యూయార్కర్ పత్రికలో మమ్‌ఫర్డ్ చీల్చి చెండాడాడు. పెద్దాయనకి అంత కోపం తెప్పించిందంటే ముందు ఆమెనే చదవాలనిపించింది.

నన్ను పట్టుకున్నది పాత కట్టడాల గురించిన అధ్యాయం. కొత్త బిల్డింగు అద్దె చిన్న వ్యాపారం మోయలేదు, పాతవి లేని చోట వీధి బతకదు అంటుంది. మా సెంటర్లో టీ కొట్టు, పంక్చర్ షాపు పాత గదుల్లోనే ఉన్నాయి. మరి అమరావతి? 217 చదరపు కిలోమీటర్ల ప్లాను, రైతులిచ్చిన 33 వేల పైచిలుకు ఎకరాలు, 2015లో శంకుస్థాపన, 2019లో మూడు రాజధానుల ప్రకటన, ఆగిన పనులు. అంత గీతలోనూ 29 గ్రామాల ఇళ్లని మాత్రం ఉన్నచోటే ఉంచారు. జేకబ్స్ లెక్కన అక్కడి పాత కట్టడాలంటే తుళ్లూరు, మందడం వీధులే. నాన్న చూస్తున్న ప్లాటు కొత్త లేఅవుట్లో ఉంది.

దొరికిందిరా జవాబు అనుకుని మళ్లీ మొదటి పేజీలు తిరగేశాను. తాను రాసినవి మహానగరాల గురించి, చిన్న పట్టణాలకి అంటగట్టొద్దని అక్కడే చెప్పేసింది! ఇంకా పూర్తిగా ఊరో నగరమో తేలని అమరావతికి, అసలు ఊరే అయిన రాజుపాలేనికి ఆమె మాట ఎంతవరకు చెల్లుతుంది? ఈ నిజాయితీ నచ్చింది గానీ, నాన్నకి చెప్పడానికి నా దగ్గరేమీ మిగల్లేదు.

ఫోన్ చేసి, "ముందు మనిద్దరం ఒక రోజంతా అక్కడ తిరిగొద్దాం నాన్నా, సాయంత్రం ఎవరెవరు కనపడతారో చూద్దాం" అన్నాను.

"దానికి అంత పుస్తకం దేనికిరా?" అన్నాడు.

వచ్చే ఆదివారం సత్తెనపల్లి మీదుగా బండి మీద వెళ్తున్నాం. మమ్‌ఫర్డ్‌ని కూడా ఆర్డర్ పెట్టాను. సమాధుల తర్వాత ఏం చెప్తాడో చూడాలి.