నేలమాళిగలో క్షేమమేనా?

2019 ఏప్రిల్ 22, సోమవారం. పొద్దున్న ఆరున్నరకి కిటికీలకి దుప్పట్లు కట్టేసి, ఒక లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. నేనూ, మా చెల్లీ. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆఖరి సీజన్, రెండో భాగం. అమెరికాలో ఆదివారం రాత్రి వేసేది హైదరాబాద్‌లో మాకు సోమవారం కాఫీ వేళకి వచ్చేది. చెల్లి విజయవాడలోని అత్తగారింటి నుంచి వచ్చి అప్పటికి పది రోజులు. 'కాస్త మార్పుగా ఉంటుందని' వచ్చానంది. నేను అడగలేదు. అది చెప్పలేదు.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల ఆధారంగా 2011 నుంచి 2019 వరకు ఎనిమిది సీజన్లు నడిచిన సీరియల్ ఇది. రాజ్యాల కొట్లాట ఒకవైపు, ఉత్తరాన మంచులోంచి నడిచొచ్చే శవాల సైన్యం మరోవైపు. ఆ సైన్యాన్ని నడిపేవాడు నైట్ కింగ్. చచ్చినవాళ్ళని లేపడమే వాడి బలం. ఆ రెండో భాగం అంతా యుద్ధానికి ముందు రాత్రి. వింటర్‌ఫెల్ కోటలో అందరూ తెల్లారితే చస్తామని తెలిసి కబుర్లు చెప్పుకుంటారు, తాగుతారు, పాడతారు. యుద్ధం మాత్రం వచ్చే సోమవారానికి వాయిదా.

ఆ వారం రోజులూ ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రేక్షకులకో ఒకటే పని. ఎవరు చస్తారు? ఎవరు మిగులుతారు? మేమూ ఓ పాత నోట్‌బుక్‌లో జాబితా రాసుకున్నాం. బ్రియాన్ పేరు అందరి జాబితాల్లోనూ పైనే ఉంది. ఆడదానివి నీకెందుకని ఎవరూ ఇవ్వని నైట్‌హుడ్‌ని ఆ రాత్రి జైమీ ఆమెకి ఇస్తాడు. ఇన్నాళ్ళకి ఆమె మనసారా నవ్వుతుంది. 'కోరిక తీరింది కదా, ఇక చంపేస్తారు' అని అందరి లెక్క. ఆలోచిస్తే ఎంత దిగులు లెక్క! ఆడది కోరుకున్నది దక్కించుకుంటే కథలో ఆమెకి ఇక చోటుండదని మనకి ఎవరు నేర్పారు?

గ్రే వర్మ్ కూడా చస్తాడనుకున్నాం. యుద్ధం అయ్యాక నీ దేశం వెళ్దాం, సముద్రం చూద్దాం అని మిస్సాందేకి మాటిచ్చాడు. సైనికుడు అలా మాటిచ్చాడంటే తిరిగి రాడని సినిమాలు చూసిన అందరికీ తెలుసు.

ఆర్య గురించి మరో గొడవ. యుద్ధానికి ముందు రాత్రి ఆ అమ్మాయి తనకిష్టమైన యువకుడితో గడుపుతుంది. అడిగేదీ తనే, నిర్ణయించేదీ తనే. వెంటనే 'అయ్యో, చిన్నపిల్ల' అని కలవరం మొదలైంది. ఆ నటి మైసీ విలియమ్స్‌కి అప్పటికి 22 ఏళ్ళు. అంతకుముందు ఆర్య గొంతులు కోసినప్పుడు ఆమె వయసెంతని ఎవరికీ సందేహం రాలేదు.

అందరూ ఎదురుచూసిన జోస్యం సంగతి ఇంకా తమాషా. చీకటిని గెలవడానికి ఒక రాకుమారుడు వస్తాడని జోస్యం. 2017లో మిస్సాందే ఆ అనువాదాన్ని సరిదిద్దుతుంది. అసలు భాషలో ఆ మాటకి లింగం లేదు, రాకుమారి అయినా కావచ్చు అంటుంది. నాకు మన భాష గుర్తొచ్చింది. 'వస్తాడు' అంటే మగవాడు. 'వస్తుంది' అంటే ఆడది, లేదా ఆవు, లేదా వాన. ఇద్దరికీ చోటివ్వాలంటే 'వస్తారు' అనాలి. గౌరవిస్తే తప్ప మన వ్యాకరణంలో ఆడామగా సమానం కారు!

ఇంత చెప్పినదాన్ని, నేను మాత్రం జాన్ స్నో మీదే పందెం కాశాను. అప్పటికి నా థీసిస్ చివరి అధ్యాయంలో ఉన్నాను. తెలుగు వీరగాథల్లో స్త్రీలు నా అంశం. బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపే మాంచాల గురించి నలభై పేజీలు, యుద్ధం నెత్తిన మోపించుకున్న నాగమ్మ గురించి అరవై పేజీలు రాశాను. కథ ఎలా నడుస్తుందో నాకు తెలుసని నా ధీమా.

చెల్లి పందెం వేరు. "అక్కా, నేలమాళిగలో ఉన్నవాళ్ళు చస్తారు" అంది.

కోట కింద స్టార్క్ వంశం వాళ్ళ సమాధులున్నాయి. యుద్ధం చెయ్యలేని ఆడవాళ్ళనీ, పిల్లల్నీ, ముసలివాళ్ళనీ అక్కడికి పొమ్మంటారు. శవాలని లేపేవాడు వస్తుంటే వీళ్ళని తీసుకెళ్ళి శవాల మధ్య దాచడమేమిటని చాలామంది ప్రేక్షకులకి అనుమానం వచ్చింది. కాదన్నవాళ్ళ వాదనలు కాదన్నవాళ్ళకున్నాయి. అవి రాతి గోరీలని కొందరు, వందలేళ్ళ నాటి ఎముకలు ఏం లేస్తాయని కొందరు. నేనూ అదే అన్నాను.

"అది కాదక్కా. ఎన్నిసార్లు అన్నారో విన్నావా? అక్కడ క్షేమం, అక్కడే క్షేమం అని. నిజంగా క్షేమమైన చోటు గురించి ఎవరూ అన్నిసార్లు చెప్పరు."

నేను నవ్వేసి, 'నువ్వు పీహెచ్‌డీ చెయ్యాల్సింది' అన్నాను. అదీ నవ్వింది.

ఆ బుధవారం అమ్మ ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాను. "ఎన్నాళ్ళని నీ దగ్గరుంచుకుంటావే? అక్కడైతే దానికో నీడ ఉంది. ఏదైనా అది దాని ఇల్లు. అక్కడే దానికి క్షేమం." చెల్లి నా వంక చూసింది. నేనేం చేశానో ఇప్పుడు రాయాలి. "అమ్మ చెప్పేదీ ఆలోచించు. మంగళవారానికి టికెట్ దొరుకుతుందేమో చూస్తాను" అన్నాను. జండర్ మీద సెమినార్లలో మాట్లాడే నోటితోనే అన్నాను. థీసిస్ గడువు దగ్గర పడుతోంది, ఉన్నది ఒకటే గది. కారణాలకేం, ఎన్నైనా ఉంటాయి.

ఏప్రిల్ 29. మళ్ళీ దుప్పట్లు, మళ్ళీ లాప్‌టాప్. 82 నిమిషాల భాగం. 55 రాత్రులు చిత్రీకరించారట. తెర మీద ఏమీ కనపడనంత చీకటి. ప్రపంచమంతా ఆ చీకటిని తిట్టుకుంది. వెలుతురు తగ్గించుకుని దగ్గరికి జరిగి చూశాం. నేలమాళిగకి పోనని ఎదురుతిరిగిన చిన్నపిల్ల లియానా మోర్మాంట్ రాక్షసుణ్ణి పొడిచి చచ్చిపోయింది. కింద, క్షేమమైన చోట, రాతిపలక పగిలి ఒక చెయ్యి బయటికొచ్చింది.

చెల్లి అరవలేదు. తెర ఆపేసింది.

"నీకెలా తెలిసింది?" అన్నాను. సీరియల్ గురించే అడిగాననుకున్నాను.

అది జుబ్బా చెయ్యి పైకి లాగి చూపించింది. ఏప్రిల్ ఎండల్లో ఇన్ని రోజులుగా పొడుగు చేతుల బట్టలే ఎందుకు వేసుకుంటోందో నేను అడగనే లేదు. మూడు వందల పేజీలు రాసినదాన్ని, పక్కన పడుకున్న మనిషిని చదవలేకపోయాను.

మిగతా భాగం మేము సాయంత్రం చూశాం. నైట్ కింగ్‌ని చంపింది ఆర్య. మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. కొందరు ఆమెని 'మేరీ స్యూ' అని వెక్కిరించారు. 1973లో పౌలా స్మిత్ అనే అభిమాని 'స్టార్ ట్రెక్' మీద రాసిన వ్యంగ్య కథలోని పేరది. అన్నీ వచ్చిన అమ్మాయిని నమ్మలేమని చెప్పడానికి వాడుతుంటారు. అన్నీ వచ్చిన అబ్బాయికి అలాంటి పేరు అంత తేలిగ్గా పెట్టరు. అతను హీరో, అంతే.

తర్వాత మూడు వారాల్లో మిగిలిన లెక్కలు తేలాయి. బ్రియాన్ బతికింది. చస్తాడనుకున్న గ్రే వర్మ్ బతికాడు. చచ్చింది మిస్సాందే. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి స్త్రీని మళ్ళీ సంకెళ్ళతో నిలబెట్టి తల నరికారు. మా జాబితాలో సైనికుడి చావుని ఊహించాం గానీ, అతని కోసం ఎదురుచూసే ఆమె చావుని ఊహించలేదు. మే 19న ఆఖరి భాగంలో జాన్ డెనేరిస్‌ని ముద్దుపెట్టుకుంటూ పొడిచాడు. మార్టిన్ 1998 నవలలో ఒక పురాణగాథ ఉంది. వీరుడు తన కత్తికి వెలుగు రావాలని భార్య గుండెలో దాన్ని దించుతాడు. ఆ గాథని తలుచుకుని ఇలా జరగవచ్చని భయపడ్డవాళ్ళు ముందు నుంచీ ఉన్నారు. ఆ సీజన్ ఆరు భాగాలనీ రాసినవాళ్ళూ తీసినవాళ్ళూ అందరూ మగవాళ్ళే.

ఊహాగానాలంటే కాలక్షేపమని అనుకునేదాన్ని. ఇప్పుడలా అనుకోను. తర్వాత ఏం జరగబోతుందో ముందే పసిగట్టడం చాలామంది ఆడవాళ్ళకి రోజువారీ పని. గేటు చప్పుడుని బట్టి, చెప్పులు విడిచిన తీరుని బట్టి, అన్నం పళ్ళెం జరిపిన శబ్దాన్ని బట్టి రాత్రి ఎలా గడుస్తుందో లెక్కకట్టడం. చెల్లి అదే చేసేది. రెండేళ్ళు చేసింది. దాని ముందు నా సాహిత్య సిద్ధాంతాలు ఏపాటి?

మంగళవారం టికెట్ రద్దు చేశాను. అమ్మకి ఫోన్ చేసి, క్షేమం అనే మాట ఇంకోసారి అనొద్దన్నాను. అమ్మ ఏడ్చింది, కోప్పడింది, జూన్‌లో వచ్చి మాతో ఆ ఒక్క గదిలోనే పదిహేను రోజులుంది. విడాకులు 2022లో వచ్చాయి. చెల్లి ఇప్పుడు ఒక మందుల షాపులో లెక్కలు చూస్తోంది, వేరే ఇల్లు తీసుకుంది.

నా థీసిస్‌కి చివర్లో ఒక అధ్యాయం కలిపాను. కారెంపూడిలో యుద్ధం జరుగుతున్నప్పుడు ఊళ్ళలోని ఆడవాళ్ళు ఎక్కడున్నారని అడిగాను. జవాబు పూర్తిగా దొరకలేదు. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందని వైవాలో ఒక పరీక్షకుడు అడిగారు. మా చెల్లి అడిగిందని చెప్పాను.