మూత్రపిండములోని రాయి నేర్పిన పాఠము



న్యూజిలాండు దేశమున, ఆక్లండు పట్టణమునకు దక్షిణముననున్న మనురేవాలో నేను కాపురమున్నాను. 1903వ సంవత్సరము మొదలుకొని చెన్నపురి రేవునుండి ఫీజీ చెరకుతోటలకు పోయిన ఒప్పందపు కూలీలలో తెలుగువారును ఉండిరి. మా ముత్తాతగారు వారిలో ఒకరు.

కొన్ని యేండ్ల క్రిందట, జనవరి మాసపు బడి సెలవులలో నేనొక కూరగాయల తోటలో పనికి కుదిరితిని. గాజుకప్పు క్రింద వేడి మిక్కుటము, మరుగుదొడ్డి దూరము. మాటిమాటికి పోయినయెడల పని చెడునని తలంచి నీళ్లు త్రాగుట మానితిని. మూత్రము ముదురు పసుపురంగున వచ్చుచున్నను లక్ష్యపెట్టనైతిని. ఒక రాత్రి నడుము ప్రక్కనుండి గజ్జవరకు పోటు పుట్టెను. కూర్చుండలేను, పండుకొనలేను. వాంతులును అయ్యెను.

వైద్యులు మందిచ్చి, పిమ్మట నన్ను ప్రశ్నలడిగిరి: "దినమునకు ఎన్ని నీళ్లు త్రాగుదురు? ఊరగాయ, ఉప్పుచేప ఎంత తిందురు? మీ యింట మరెవరికైన ఈ వ్యాధి కలదా?" మా తండ్రిగారికిని ఈ వయస్సుననే రాయి వచ్చినదని అప్పుడు జ్ఞాపకము వచ్చెను.

రాళ్లలో అధికభాగము కాల్షియము, ఆక్సలేటు కలిసి గట్టిపడినవే. నీరు తక్కువైనచో మూత్రము చిక్కనై అవి పేరుకొనును. ఉప్పు హెచ్చినచో మూత్రమున కాల్షియము హెచ్చును. మాంసము మితిమీరినచో యూరికామ్లము పెరిగి, రాయిని అడ్డగించు సిట్రేటు తగ్గును. స్థూలకాయము, మధుమేహము, గౌటు అను కీళ్లవ్యాధి గలవారికి అపాయము మెండు.

పాలు పెరుగులే రాయికి కారణమని మా తండ్రిగారు వాటిని విడిచిపెట్టిరి. అది పొరపాటు. భోజనములోని కాల్షియము ఆక్సలేటును ప్రేగులలోనే పట్టి, రక్తములోనికి పోనీయకుండ చేయును.

ఒకసారి రాయి వచ్చినవారిలో ఇంచుమించు సగముమందికి పదియేండ్లలోపల మరల వచ్చునని వైద్యులు చెప్పిరి. దినమునకు రెండు లేక రెండున్నర లీటర్ల మూత్రము పోవునంత నీరు త్రాగవలెననిరి. చెమటోడ్చువారికి ఇంకను ఎక్కువ కావలెను. అయితే గుండెజబ్బు గలవారును, మూత్రపిండములు చెడినవారును వైద్యుని అడిగియే నీటి కొలత నిర్ణయించుకొనవలెను. పోటుతో చలిజ్వరము వచ్చినను, మూత్రము బంధించినను ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఈ వేసవిని నా కుమారుడు అట్టి తోటకే పనికి పోయెను. మొదటి దినమున వాని నీళ్లసీసా నిండుగనే తిరిగివచ్చెను. "నాన్నగారూ, అందరు పని చేయుచుండగా నేనొక్కడనే ఎట్లు ఆగుదును?" అనెను. నేనును ఒకప్పుడు అట్లే తలంచితిని గదా! మా తండ్రిగారి కథయు, నా కథయు వానికి చెప్పితిని. ఇప్పుడు ప్రతి సాయంకాలము వాని సీసా ఖాళీగా వచ్చుచున్నది. మీ యింటి సీసాలను కూడ ఒకసారి చూచుకొనుడి.