మీ జిల్లా బొమ్మేది?

మొన్నామధ్య మా ప్రాజెక్టులో పనిచేసే పోలండ్ ఆయన లాప్‌టాప్ మీద ఒక స్టిక్కరు చూశాను. డాలు ఆకారం, లోపల సగం డేగ. ఏదో ఫుట్‌బాల్ టీము అనుకున్నా. కాదట, వాళ్ళ జిల్లా ముద్రట! దానికో జెండా కూడానూ. జిల్లాని వాళ్ళు పొవియాట్ అంటారు. 1975లో వాటిని రద్దు చేసి, 1999లో మళ్ళీ పెట్టారు. సైజులో మన పాత తాలూకాల్లాంటివి అనుకోండి. ఎన్నికైన కౌన్సిలు తీర్మానం చేసి ముద్ర పెట్టుకోవచ్చు. కాకపోతే అది ఊరి చరిత్రకి సరిపోవాలి, ప్రభుత్వ నిపుణుల కమిటీ చూసి అభిప్రాయం చెప్పాలి. కోడ్ రివ్యూ అన్నమాట.

"మీ జిల్లాది ఏంటి?" అన్నాడు. నా నోట్లో వెలక్కాయ పడింది. అసలు నాది ఏ జిల్లానో చెప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది. పుట్టింది తాడేపల్లిగూడెం. చిన్నప్పుడు కలెక్టరాఫీసులో పనంటే ఏలూరు బస్సెక్కడమే. 2022 ఏప్రిల్ 4న ఏలూరు వేరే జిల్లా అయిపోయింది, మాకు భీమవరం మిగిలింది. అదే రోజు కైకలూరు వైపున్న అమ్మమ్మ వాళ్ళ కొల్లేటి ఊరు కృష్ణా జిల్లాలోంచి ఏలూరులోకొచ్చింది. రెండు కలెక్టరాఫీసుల కాయితాల మీదా ఉండేది రాష్ట్రం బొమ్మే, 2018లో అమరావతి శిల్పాల్లోంచి తీసుకున్న పూర్ణఘటం.

మనకి ముద్రలు తెలీక కాదండోయ్. ఏలూరు పక్కనున్న పెదవేగే ఒకప్పటి వేంగి. అక్కణ్ణుంచి ఏలిన తూర్పు చాళుక్యులు రాగి రేకుల మీద శాసనాలు రాయించి, ఆ రేకుల్ని ఒక రింగుకి గుచ్చి, రింగు మీద ముద్ర వేసేవారు. ఆ ముద్రల మీద వరాహం, అంకుశం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు కనిపిస్తాయి. వాళ్ళకంటే ముందు శాలంకాయనులది ఎద్దు ముద్ర. డేగలకి మనవి ఏం తీసిపోయాయి చెప్పండి?

సరే, వీకెండు ఖాళీగా ఉండి ఏలూరు జిల్లాకి నేనే ఒకటి గీశాను. నీలం మీద తెల్ల గూడబాతు, అదే పెలికాన్. ఆటపాక వెళ్ళినవాళ్ళు ఇంకోటి ఎందుకు గీస్తారు! వాట్సాప్‌లో మావయ్యకి పంపించా. సాయంత్రం ఫోను.

"పిట్టని పెట్టావు, బానే ఉంది. మనిషేడిరా?"

మావయ్యకి ఐదో కాంటూరు లోపల చేపల చెరువుండేది. 2006లో కొల్లేటి చెరువుల గట్లు కొట్టేసినప్పుడు అదీ పోయింది. నాకు బొమ్మగా కనిపించిన పక్షి ఆయనకి హద్దురాయిలా కనిపించింది. చెరువులు సరస్సుని మింగేశాయన్నది అబద్ధం కాదు, ఆ మాట నేనే ఆయనతో ఎన్నోసార్లు వాదించాను. కానీ ఆ రోజు వాదించబుద్ధి కాలేదు.

"మరేం గీయమంటావు?"

"దోనె గియ్యి. చెరువుల కంటే ముందు నుంచీ ఉంది."

గీశాను. పక్షిని తీసెయ్యకుండా దోనె కొమ్ము మీద కూచోబెట్టాను. మా ఆవిడ చూసి, "చింతలపూడి వాళ్ళు దోనె ఎక్కడ చూశారండీ? వాళ్ళదీ ఏలూరు జిల్లాయేగా" అంది. ఆవిడ పుట్టిల్లు అటే లెండి. ఇప్పుడు ఫైలు పేరు 'ఫైనల్ 7'. పోలండ్ ఆయన నిన్న మళ్ళీ అడిగాడు, ఇంకా రివ్యూలో ఉందని చెప్పాను.