హంపీ రథవీధిలో ఒక పూట

హోసపేటలో బస్సెక్కి హంపీ చేరేసరికి బారెడు ప్రొద్దెక్కింది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తరువాత పాడుపడిన పట్నమిది. ఆనాడు రామరాయలే గెలిచి ఉంటే ఈ వీధి నేడెట్లా ఉండేదో అని మాలో మేము వాదించుకొంటూ విరూపాక్షుని గుడిలోకి పోయినాము. గర్భగుడి వెనుక చీకటి గదిలో, చిన్న కంతగుండా వచ్చే వెలుతురులో తూర్పు గోపురం నీడ గోడమీద తలక్రిందులుగా పడి ఉన్నది. పిల్లలు మాయ అన్నారు.

బయట అరటిపండ్లు అమ్ముకొనే అవ్వ మా మాటలు విని తెలుగులోనే పలకరించింది. రథవీధి మంటపాలలో కాపురమున్న వారిని 2011లో ఖాళీ చేయించినారు. వారిలో ఆమె కుటుంబమూ ఒకటి.

"రోజూ ఇంత దూరం వస్తావా అవ్వా?" అన్నాము.

"సామి ఈడనే ఉండాడు కదా నాయనా, మేము యాడికి పోతాము?" అన్నది.

హంపీ చుట్టూ అరటితోటలకు నీరిచ్చే తుర్తు కాలువ విజయనగర రాజుల కాలానిదే. కోటలు కూలినా కాలువ పారుతూనే ఉన్నది. గుడిలో నేటికీ పూజ జరుగుతూనే ఉన్నది. అవ్వ గంప దింపే చోటూ మారలేదు.

అవ్వ ఇచ్చిన పండ్లు తింటూ తిరుగు బస్సెక్కినాము. 'గెలిచి ఉంటే' అన్న మాట మాలో మళ్ళీ ఎవ్వరూ ఎత్తలేదు.