దొరకలేదంటే... లేనట్టేనా?

నూనె కాగింది. తాలింపు వేయాలి. ఆవాలెక్కడున్నాయో అని అప్పుడు వెతుక్కుంటే పోపు మాడిపోతుంది. అందుకే వంటింట్లో పోపులపెట్టె ఉంటుంది. చూడకుండానే చెయ్యి ఆవాల గిన్నె మీదికి వెళుతుంది. ఆ వేగం చేతిది కాదు. ఏది ఎక్కడ ఉండాలో ముందే సర్దిపెట్టుకున్న తీరుది.

కోటి పేర్లున్న కంప్యూటర్ జాబితాలో ఒక్క పేరు వెతకడమూ అచ్చం ఇలాంటిదే. సర్దకుండా వదిలేస్తే, కంప్యూటర్ మొదటి వరస నుంచి చివరి వరస దాకా అన్నీ చదవాల్సిందే. ఎంత వేగంగా చదివినా, ఒకేసారి వందలమంది వెతకమంటే మాత్రం తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అదే పేర్లను అక్షరక్రమంలో పెడితే? నిఘంటువులో పదం వెతికినట్టు సగానికి తెరవొచ్చు. కావాల్సిన పేరు అటుందో ఇటుందో తెలిసిపోతుంది. మిగిలిన సగంలో మళ్లీ సగం... ఇలా 24 సార్లు చూస్తే చాలు, కోటి పేర్లలో ఉన్నదేదో తేలిపోతుంది. ఈ సర్దుబాటుకే ఇండెక్స్ అని పేరు.

ఇంటిపేరుతో చిక్కు

ఇక్కడో మెలిక ఉంది. పదం మొదలు తెలిస్తేనే నిఘంటువు పనికొస్తుంది. మనకేమో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇంటిపేరు తెలియకుండా ‘వెంకటలక్ష్మి’ కోసం వెతికితే అక్షరక్రమం అక్కరకు రాదు. కంప్యూటర్ మళ్లీ మొదటి వరసకే పోతుంది.

దీనికి మందు పుస్తకం చివరి పేజీల్లో ఉంది. ఏ మాట ఏయే పేజీల్లో వచ్చిందో అక్కడ వేస్తారు కదా... అలాగే జాబితాలోని ప్రతి పదాన్నీ విడదీసి, దాని కింద అది వచ్చిన వరసల నంబర్లన్నీ రాసిపెడతారు. రెండు పదాలు కావాలంటే రెండింటి కిందా ఉన్న నంబర్లు చూస్తే సరి. డగ్ కటింగ్ 1999లో మొదలుపెట్టిన ‘లూసీన్’ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్‌కి ప్రాణం ఈ పద్ధతే.

అయినా కొన్ని పేర్లు దొరకవు. “మీ పేరు రావట్లేదమ్మా” అంటాడు కౌంటర్‌లో కుర్రాడు. “అదేంటి బాబూ, నేనిక్కడే ఉన్నాగా!” అంటుంది పెద్దావిడ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇంగ్లిష్‌లో లక్ష్మిని కొందరు ‘కెఎస్‌హెచ్’ పెట్టి రాస్తారు, కొందరు ‘ఎక్స్’తో సరిపెడతారు. రాసినవాళ్లది ఒక దారి, వెతికేవాళ్లది ఇంకో దారి. మధ్యలో ఆగిపోయేది ఆవిడ పింఛను.

అమెరికా తాతల కథ

కంప్యూటర్లు లేని రోజుల్లో అమెరికా వృద్ధులకూ ఇదే కష్టం వచ్చింది. 1935లో అక్కడ సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. పింఛను కావాలంటే వయసు రుజువు చేసుకోవాలి. చాలామందికి పుట్టిన తేదీ కాగితాల్లేవు. పాత జనాభా లెక్కల్లో పేరుంది, వయసుంది. కానీ ఆ పుస్తకాలు ఊళ్లవారీగా ఉన్నాయి, పేర్లవారీగా కాదు.

అప్పుడు ‘సౌండెక్స్’ ఆదుకుంది. రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంట్ పొందిన పద్ధతికి మెరుగులు దిద్దితే వచ్చింది ఇది. పేరులో మొదటి అక్షరాన్ని ఉంచి, మిగతావాటిని శబ్దాన్నిబట్టి అంకెలుగా మారుస్తారు. అచ్చులను వదిలేస్తారు. ఆ లెక్కన లక్ష్మిని రెండు రకాలుగా రాసినా ‘ఎల్ 250’ అనే వస్తుంది. ఈ పద్ధతిలో లక్షలాది కార్డులు రాయించి వరసగా పేర్చారు. 1880 లెక్కల్లోనైతే పదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకే కార్డులు రాశారు. ఎందుకంటే, పింఛను వయసుకు వస్తున్నది ఆ పిల్లలే!

సౌండెక్స్‌కీ ఒక లోపముంది. మొదటి అక్షరం మారితే గల్లంతే. ఫణిని ‘పి’తో రాస్తే ఒకచోట, ‘ఎఫ్’తో రాస్తే మరోచోట ఉంటాడు. అందుకే ఇప్పుడు పేరును మూడేసి అక్షరాల ముక్కలు చేసే పద్ధతీ వాడుతున్నారు. ‘వెంకటేశ్వరరావు’ను ఎవరైనా ‘వెంకటేశ్వరావు’ అని కొట్టినా... ‘వెంకటే’, ‘కటేశ్వ’ అనే ముక్కలు రెండింట్లోనూ ఉన్నాయి. అవి చాలు, ‘ఇతనేనేమో’ అని చూపించడానికి.

ఇదేదీ ఉచితంగా రాదు. ఇండెక్స్‌కి చోటు కావాలి. కొత్త పేరు చేర్చిన ప్రతిసారీ దాన్నీ సవరించాలి. రాసేటప్పుడు కాస్త ఆలస్యమైతేనే, వెతికేటప్పుడు వేగం వస్తుంది. పైగా దగ్గరి పేర్లన్నీ వచ్చి పడతాయి కాబట్టి, తండ్రి పేరు, వయసు, ఊరు సరిచూసుకునే పని మనిషిదే. లేకపోతే ఒక లక్ష్మి డబ్బు ఇంకో లక్ష్మికి పోతుంది.

కంప్యూటర్ ‘లేదు’ అంటే దానర్థం ఒక్కటే... అడిగిన తీరులో దొరకలేదని. మనిషి లేడని కాదు. ఆ తేడా తెలిసినవాళ్లు కౌంటర్‌లో ఉంటే, “రేపు రండి” అనేముందు ఇంకో స్పెల్లింగ్ కొట్టి చూస్తారు.