ఆప్షన్లు పెట్టేది ఎవరు?

ఏప్రిల్ నెలలో ఇంటర్ ఫలితాలు వస్తాయి, వెనకాలే డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ నోటిఫికేషన్ వస్తుంది. మే నెల ఎండల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లోని నెట్ సెంటర్ల ముందు ప్లాస్టిక్ కవర్లలో సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడ్డ పిల్లలను చూస్తే ఎవరికైనా సంతోషం కలుగుతుంది. కలగాలి కూడా. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణలో అన్నిటికన్నా కింద. ఉమ్మడి మహబూబ్‌నగర్ మొత్తంగా చూసినా 55 శాతమే. అంటే ఆ వరుసలో ఉన్న పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో, ఒక్కోసారి ఇద్దరూ, బడి గడప తొక్కనివాళ్ళు. ఇంటికి మొదటి డిగ్రీ వీళ్ళదే అవుతుంది. ఇటువంటి పిల్లల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ పేదరికం గురించో మార్కుల గురించో మాట్లాడతాం. దరఖాస్తు దగ్గరకు వచ్చేసరికి వాళ్ళకు అన్నిటికన్నా ముందు కొరతపడేది అవి కావని నా వాదన. పక్కన కూర్చుని, ఏ గడి ఎందుకు నింపుతున్నామో చెబుతూ నింపించే తెలిసిన మనిషి వాళ్ళకు లేడు. ఆ మనిషిని ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వ జూనియర్ కాలేజీది.

దోస్త్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. 2016కు ముందు డిగ్రీలో చేరాలంటే ఏ కాలేజీ దరఖాస్తు ఆ కాలేజీలోనే కొనాలి, ప్రతిచోటా ఫీజు కట్టాలి, ప్రతిచోటా ఒక కట్ట జిరాక్సులు ఇవ్వాలి. అచ్చంపేట పిల్ల మహబూబ్‌నగర్ కాలేజీలో ప్రయత్నించాలంటే వెంట ఒక మగమనిషి, ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు. చాలామంది ఆ లెక్క వేసుకుని దగ్గర్లో ఉన్న దాంట్లోనే చేరిపోయేవారు, కొందరు మానేసేవారు. ఆ ఏడాది ఒకే వెబ్‌సైటు, ఒకే దరఖాస్తు, రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలన్నీ ఒకే చోట అన్నారు. అదే ఏడాది అక్టోబరు 11న ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2008లోనే మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చి ఉంది. దరఖాస్తు ఇంటికి వచ్చింది, కలెక్టరాఫీసు దగ్గరకు వచ్చింది, యూనివర్సిటీ ఉమ్మడి జిల్లాలోకే వచ్చింది. ఇన్ని దగ్గరయ్యాక ఇంకేం కావాలి అని అడగడం సహజం.

దరఖాస్తు మొదలయ్యే చోటే చూడండి. రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్ నంబరు ఉండాలి. హైదరాబాద్ ఇంట్లో అది ప్రశ్నే కాదు. ఇక్కడ ఆ నంబరు చాలా ఇళ్ళల్లో తండ్రిది. ఆ తండ్రి మేస్త్రీ వెంట ముంబైలోనో బెంగళూరులోనో కాంక్రీటు పనిలో ఉంటాడు. పాలమూరు వలస ఎంత పాతదో అందరికీ తెలుసు. ఓటీపీ అక్కడి ఫోనుకు పోతుంది. పని మీద ఉన్నవాడు ఫోను ఎత్తడు. ఎత్తినా వచ్చిన అంకెలు చదివి చెప్పడానికి పక్కన చదువొచ్చినవాడు ఎవడైనా దొరకాలి. ఈలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. మళ్ళీ పంపు, మళ్ళీ చెయ్యి. లేకపోతే ఆ పాత నంబరు రీచార్జి లేక ఎప్పుడో పోయి ఉంటుంది. అప్పుడు ఆధార్ కేంద్రానికి వెళ్ళి నంబరు మార్పించుకోవాలి, అక్కడో వరుస. తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం కులం, ఆదాయం సర్టిఫికెట్లు. ఊళ్ళల్లోని బీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దారు కార్యాలయం నుంచి వచ్చేదాకా ఆగాలి. ఇవేవీ కొండలు కావు. కాకపోతే ఇవన్నీ ఫిబ్రవరిలో చూసుకోవలసినవని తెలియనివాడికి మే నెలలో ఒకేసారి మీద పడతాయి. మొదటి విడతలో రెండు వందలున్న రిజిస్ట్రేషన్ ఫీజు తర్వాతి విడతల్లో నాలుగు వందలు. తెలియనితనానికి ఇక్కడ జరిమానా కూడా ఉంది.

అలంపూర్ వైపు చిక్కు వేరు. తుంగభద్ర దాటితే కర్నూలు. తరతరాలుగా అక్కడి పిల్లలు చదువుకు, వైద్యానికి, సరుకులకు పోయేది అటే. రాష్ట్రాలు విడిపోయినా నది మీద వంతెన అక్కడే ఉంది కదా. కర్నూలులో ఇంటర్ చదివిన గద్వాల జిల్లా పిల్లవాడు దోస్త్ తెరిస్తే, తెలంగాణ బోర్డు విద్యార్థికి హాల్‌టికెట్ నంబరు కొట్టగానే వచ్చే వివరాలు అతనికి రావు. మెమో అప్‌లోడ్ చెయ్యాలి, తను స్థానికుడేనని కింది తరగతుల స్టడీ సర్టిఫికెట్లతో నిరూపించుకోవాలి. పుట్టిందీ పెరిగిందీ, ఓటున్నదీ ఈ జిల్లాలోనే అయినా లెక్కకు వచ్చేది ఏ తరగతి ఎక్కడ చదివాడన్నదే. ఈ సంగతి ఇంటర్‌లో చేరేటప్పుడే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

అసలు విషయం వెబ్ ఆప్షన్లది, అంటే ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో వరుసగా పెట్టుకోవడం. రాష్ట్రంలో డిగ్రీ సీట్లు నాలుగు లక్షల పైమాటే. చేరేవాళ్ళు అందులో సగానికి అటూ ఇటూ. సీట్లు ఇంతగా మిగిలిపోతున్నప్పుడు చాలామందికి మొదటి ఆప్షనే దక్కుతుంది. వినడానికి శుభవార్తే, కానీ ప్రమాదం కూడా సరిగ్గా అందులోనే ఉంది. సీటు రాకపోవడం వల్ల చెడిపోయే వాళ్ళకన్నా, ఆలోచించకుండా అడిగిందే వచ్చి చెడిపోయే వాళ్ళు ఎక్కువ. సీఈసీ తెలుగు మీడియంలో చదివిన పిల్ల, స్నేహితురాలు పెట్టిందని బీకాం కంప్యూటర్స్ ఇంగ్లిష్ మీడియం మొదటి ఆప్షన్‌గా పెడుతుంది. బైపీసీ చదివినవాడు 'కంప్యూటర్ ఉంటే ఉద్యోగం ఉంటుంది' అన్న మాట విని జువాలజీ వదిలేస్తాడు. ఈ మూడు జిల్లాల్లో పేదింటి పిల్లల కలల ఉద్యోగం ఇప్పటికీ టీచరు ఉద్యోగమే. స్కూల్ అసిస్టెంట్ బయాలజీ పోస్టుకు డిగ్రీలో ఆ సబ్జెక్టులు చదివి ఉండాలి. డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిన రోజున, బీఎడ్ కూడా అయిపోయాక, నువ్వు అర్హుడివి కాదు అని తెలుస్తుంది. నెట్ సెంటర్లో పది నిమిషాల్లో నొక్కిన బటన్ ఐదారేళ్ళ తర్వాత తలుపు మూస్తుంది. ఆ పది నిమిషాల్లో 'నువ్వేం కావాలనుకుంటున్నావు?' అని అడిగినవాళ్ళు లేరు. కాలేజీ ఎంపికా అంతే. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. దానివల్ల కొల్లాపూర్ పిల్లకు నాగర్‌కర్నూల్, అయిజ పిల్లకు గద్వాల చార్జీల భయం లేకుండా అందుబాటులోకి వచ్చాయి. ఆప్షన్లు పెట్టేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకుని ఇంట్లో వాళ్ళను ఒప్పించే పెద్దమనిషి ఉంటే, సందు చివరి ప్రైవేటు కాలేజీకి బదులు ల్యాబులూ అధ్యాపకులూ ఉన్న ప్రభుత్వ కాలేజీ జాబితాలో పైకి వస్తుంది.

సమాచారం ఫోనులోనే ఉంది కదా, యూట్యూబులో దోస్త్ మీద వందల వీడియోలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. అయితే తెలియజెప్పడం వేరు, చేయించడం వేరు అనడానికి అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం గట్టి సాక్ష్యం. అక్కడ కాలేజీ ఆర్థిక సహాయానికి ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే ఫారం నింపాలి, అప్పట్లో అది చాలా పొడుగ్గా ఉండేది. బెటింగర్, లాంగ్, ఓరియోపౌలోస్, శాన్‌బొన్‌మట్సు అనే నలుగురు పరిశోధకులు హెచ్ అండ్ ఆర్ బ్లాక్ అనే పన్ను రిటర్నులు నింపిపెట్టే సంస్థతో కలిసి, పన్ను కాగితాల కోసం వచ్చిన తక్కువ ఆదాయపు కుటుంబాల్లో కొందరికి అక్కడికక్కడే ఆ ఫారం నింపి పెట్టారు. ఇంకొందరికి మీకు ఎంత సాయం రావచ్చో, దగ్గర్లోని కాలేజీల ఫీజులెంతో వివరాలు మాత్రం చెప్పి పంపారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. ఫారం నింపి పెట్టిన ఇళ్ళ పిల్లల్లో రెండేళ్ళు కాలేజీ చదివినవాళ్ళు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. వివరాలు చెప్పి పంపినవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. అమెరికా సంగతి అలంపూర్‌కు ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. చదువుకున్న బంధువులు లేని ఇంట్లో ఫారం అంటే ఉండే జంకు ఏ దేశంలోనైనా ఒకటే. ఓటీపీ బాధ ఇక్కడ అదనం. మనం ఏటా చేసే అవగాహన సదస్సులు, గోడల మీద ఫ్లెక్సీలు, వాట్సాప్ సందేశాలు అన్నీ ఆ రెండో రకం సాయమే.

నెట్ సెంటర్ అతను ఉన్నాడుగా అంటే, ఉన్నాడు, చెడ్డవాడూ కాదు. నిజానికి ఈ పదేళ్ళలో దోస్త్‌ను మోసింది అతనే. కానీ వెనక ఇరవైమంది నిలబడి ఉన్నప్పుడు ఒక్కో దరఖాస్తు ఎంత త్వరగా అయితే అతనికి అంత మేలు. బయాలజీ టీచరు పోస్టు అర్హతల సంగతి అతనికి తెలియాలనడం అన్యాయం. ఇక ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటికే వస్తారు, బండి మీద తీసుకుపోతారు, రిజిస్ట్రేషన్ ఫీజు తామే కడతారు. పిల్లల వివరాలు సంపాదించి వాళ్ళకు తెలియకుండానే తమ కాలేజీకి ఆప్షన్లు పెట్టేసిన ఆగడాలు దోస్త్ తొలినాళ్ళలోనే బయటపడ్డాయి. పక్కన కూర్చునే మనిషి స్థలం ఖాళీగా ఉంటే దాన్ని ఎవరో ఒకరు నింపుతారు. ఎవరు నింపుతారన్నదే తేడా. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో సహాయ కేంద్రాలున్న మాట నిజమే. అక్కడికి వెళ్ళాలని తెలిసినవాడు సగం గట్టెక్కినవాడే. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంట నుంచి జిల్లా కేంద్రం సహాయ కేంద్రానికి రావడమే ఒక రోజు పని.

పద్దెనిమిదేళ్ళు వచ్చినవాళ్ళకు అన్నీ చేతికందించడమేమిటి, ఓటు వేసే వయసు కదా, వాళ్ళే నేర్చుకోవాలి అనేవాళ్ళున్నారు. ఈ మాట పట్నాల్లో చదువుకున్న ఇళ్ళ నుంచే ఎక్కువ వినబడుతుంది. ఆ ఇళ్ళ పిల్లలే బీటెక్ అయ్యాక ఇరవై రెండేళ్ళ వయసులో అమెరికా యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టడానికి అమీర్‌పేటలో కన్సల్టెన్సీకి వేలకు వేలు ఇస్తారు. ఎస్ఓపీ వాళ్ళే రాసిపెడతారు, వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో వాళ్ళే బట్టీ పట్టిస్తారు. అది స్వావలంబనకు అడ్డని ఎవరూ అనరు. నడిగడ్డగా పిలిచే గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి మద్రాసు దాకా వెళ్ళి బీఏ చదివాడు, ఆపైన బీఎల్ చేశాడు. ఆయన ప్రతిభను ఎవరు కాదంటారు? అయినా చిన్నతనంలోనే తండ్రి పోయిన ఆ పిల్లవాణ్ణి కర్నూలులో వకీలుగా ఉన్న చిన్నాన్న చేరదీసి చదివించకపోతే 'గోలకొండ' పత్రిక సంపాదకుడు మనకు దొరికేవాడా అన్నది అనుమానమే. చదువు తెలిసిన చిన్నాన్న అందరికీ ఉండడు. లేనివాళ్ళతో ప్రభుత్వం ఆ వరస కలుపుకోవాలి.

చివరికి మిగిలే అభ్యంతరం కొంచెం చేదుది. డిగ్రీ చేసి ఏం సాధిస్తారు, సీట్లు సగం ఖాళీ ఉన్నాయంటేనే జనానికి దాని విలువ తెలిసిపోయిందని కదా అంటారు. కొంతవరకు ఒప్పుకోవాలి. చేరినవాళ్ళలో ఎందరో పేరుకే విద్యార్థులు. జూన్‌లో చేరతారు, పత్తి విత్తనాల క్రాసింగ్ మొదలయ్యేసరికి గద్వాల చుట్టుపక్కల చేలల్లో ఉంటారు. రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే అవీ పోతాయి. అయితే ఇందులో తప్పు మొత్తం డిగ్రీది కాదు. తాను ఎంచుకోని కోర్సులో, తనకు తెలియని కాలేజీలో, ఎందుకు చేరాడో తెలియని పిల్లవాడు క్లాసుకు ఎందుకు వస్తాడు? ఖాళీ సీట్లున్న చోట బేరం విద్యార్థి చేతిలో ఉండాలి. ఇక్కడ మాత్రం సీట్లు అమ్ముకునేవాడి చేతిలో ఉంది.

లెక్చరర్లకు ఇప్పటికే పని ఎక్కువ, పరీక్షలయ్యాక పిల్లలు కాలేజీకి రారు అన్నది నిజం. అందుకే ఈ పని మే నెలది కాదు, ఫిబ్రవరిది. ప్రాక్టికల్స్ కోసం ప్రతి సైన్సు పిల్లవాడూ ఎలాగూ కాలేజీకి వస్తాడు. ఆర్ట్స్ పిల్లలు హాల్‌టికెట్ కోసం వస్తారు. ఆ రోజుల్లోనే ఆధార్‌కు ఏ ఫోను నంబరుందో చూడడం, ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టించడం, కాగితం మీద పది ఆప్షన్లు వరుసగా రాయించి పక్కన ఒక్క వాక్యంలో కారణం రాయించడం, ఇంతే. ఒక్కొక్కరికి అరగంట పట్టదు. మేలో వెబ్‌సైటు తెరుచుకున్నాక కాలేజీ కంప్యూటర్ మీద ఆ కాగితం చూసి కొట్టడమే మిగులుతుంది. ఇంటర్ బోర్డు దీన్ని లెక్చరర్ల పనిగా గుర్తించి, అందుకు రెండు వారాలు డ్యూటీ వేస్తే చాలు, కొత్త పథకమేదీ అక్కర్లేదు. బోర్డు ఉత్తర్వు వచ్చేదాకా ఆగవలసిన పని కూడా లేదు. ఈ మూడు జిల్లాల జూనియర్ లెక్చరర్లలో చాలామంది ఇలాంటి ఇళ్ళ నుంచే వచ్చినవాళ్ళు. ఈ ఫిబ్రవరిలో మీ సెక్షన్ పిల్లలతో ఆ పది ఆప్షన్ల కాగితం రాయించండి.