2038 జనవరి 19, పొద్దున 8:44

 

కమ్మర్‌పల్లి చుట్టుపక్కల తండాల నుంచి కంప్యూటర్ చదువుతున్నోళ్లం కలిసి రాస్తున్నం. బ్యాటరీ మొత్తం దిగిపోయిన పాత ఫోన్ ఆన్ చేస్తే ఒక్కోసారి 1970 జనవరి 1 అని చూపిస్తది. యునిక్స్, లినక్స్ గడియారానికి సున్నా అదే. అప్పటి నుంచి గడిచిన సెకన్లనే లెక్క పెడుతుంటయి.

ఆ లెక్కకు చాలాకాలం 32 బిట్ల జాగే ఇచ్చిన్రు. అందులో పట్టే పెద్ద సంఖ్య 214,74,83,647. మన టైం ప్రకారం 2038 జనవరి 19 పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు, మన దిక్కు పసుపు తవ్వే రోజుల్లోనే, అది నిండుతది. తర్వాతి సెకనుకు లెక్క మైనస్‌లోకి పోయి తేదీ 1901 డిసెంబర్‌కు పడుతది.

మైనస్ సంఖ్యలు తీసేస్తే అదే జాగలో 2106 దాకా నడుస్తది. కానీ 1970కి ముందటి తేదీలన్నీ మైనస్‌లోనే ఉంటయి. మన తాతలు, అవ్వల పుట్టిన తేదీలు అక్కడివే. వాళ్లలో చాలామందికి కార్డు మీద ఉన్నదే అందాజాగా వేసిన తేదీ. ఇట్ల లెక్క పెట్టే సాఫ్ట్‌వేర్‌లో అది కూడా పోతే పింఛను కాడ మల్ల గోసే. ముందటి కాలం కోసం వెనుకటోళ్లను చెరిపేసుడు మందు కాదు.

లినక్సోళ్లు జాగనే 64 బిట్లకు పెంచిన్రు. ఆర్న్డ్ బెర్గ్‌మన్, దీపా దినమణి లాంటోళ్లు ఫైళ్ల తేదీలు, డ్రైవర్లు, సిస్టమ్ కాల్స్ ఏండ్ల తరబడి సవరించిన్రు. పాత ప్రోగ్రాములు ఆగకుండా పాత కాల్స్ ఉంచి, పక్కన కొత్తవి పెట్టిన్రు. 2020లో వచ్చిన 5.6 కెర్నల్‌తో 32 బిట్ల మెషిన్లకు కూడా 2038 దాటే తొవ్వ దొరికింది. అయితే పాత ప్రోగ్రాములను కొత్త కాల్స్‌తో మల్ల కంపైల్ చేయాలె. అప్‌డేట్ రాని పాత మెషిన్లు అట్లనే మిగులుతయి.

మీ సీ ప్రోగ్రాములు తీసి చూడున్రి. టైంను 'ఇంట్'లో దాచిన్రా? సెకన్లను వెయ్యితో గుణించి మిల్లీసెకన్లు చేసిన్రా? 32 బిట్లలో అది 25 రోజులు కూడా ఆగదు. గుణించిన తర్వాత 64కు మార్చితే లాభం లేదు, ముందే మార్చాలె.

కెర్నల్ కోడ్ అంతా, దాని మీద జరిగే చర్చ చాలావరకు అందరికీ కనబడేటట్టే ఉంటది. అక్కడ మన ఊరు, కాలేజీ అడగరు. ఈ మార్పు ఎందుకు చేసినవని అడుగుతరు. ఆ ఒక్కదానికి జవాబు చెప్పేటంత మనం నేర్చుకోవాలె. సెలవులకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు తెచ్చుకోన్రి, లేనోళ్లు ఉత్తగనే రాన్రి. కలిసి కూసుందాం.